ఇరవై లీటర్లు

పొద్దున ఆరున్నర.
మోటరేసి, ఐదు రూపాయల బిళ్లలు లెక్కవెడుతున్న.
వరుసల ఏడో క్యాను నీది.
దానికి మూత లేదు,
పాలకవరు రబ్బరుతోని బిగిచ్చి కట్టుకొచ్చినవు.

"నింపు" అన్నవు.
పేరు పెట్టి పిలువలె.
పదిహేడేండ్లాయె, ఏ పేరని పిలుస్తవు.

మాట్లాడుకుంట నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నవు.
గది నాకెరుకే.
మర్రిగూడ బడిల మనమందరం గట్లనే నవ్వేటోళ్లం,
పళ్ల మీది గోధుమరంగు గీతలు కనవడకుంట.
పదో తరగతి ఫోటో దిగిన్నాడు
క్లాసుకు క్లాసంత మూతులు బిగవట్టి
ఎవలో సచ్చినట్టు నిలవడ్డం.
అండాలూ, నువ్వొక్కదానివే పళ్లన్ని ఇకిలిచ్చినవు.
గా ఫోటో ఇప్పటికీ మీటరు డబ్బ ఎనుకనే ఉన్నది.
నీకు చెప్పలే.

మీ నాయనకు మెడ తిరగకపోయేది,
పక్కకు చూడాల్నంటె మనిషే మొత్తం తిరగాలె.
బిడ్డ బొక్కలన్న బాగుండాలని
మంచినీళ్ల ఊరు దేవులాడిండు.
హాలియా అవుతల, ఎడమ కాలువ గట్టుకు ఇల్లు.
పిలగాన్ని చూసింది తక్కువ, కాలువను చూసిందే ఎక్కువ.
దోసిట్ల పట్టి తాగి,
అక్కడికక్కడే ఒప్పుకున్నడట.
నేనేమని అడ్డం పడుదు?
నా దగ్గరున్నయి బోరు నీళ్లు.

క్యాను నిండింది.
ఎత్తాల్నంటె రెండు చేతులు కావాలె.
అప్పుడు చూసిన,
పైన ఎడమ దిక్కు రెండు పళ్లు లేవు.
నీళ్లు తిన్న పండ్లు గంత సాఫుగ పోవు.
నేనేం అడుగలె.
"ఫ్లోరైడు గాదు లింగస్వామీ" అన్నవు,
అని నవ్వినవు గూడ.

ఆ దినం నుంచి రోజుకో క్యాను, క్యానుకో మాట.
ఒకనాడు బెల్టు.
ఒకనాడు, మణికట్టు వంకరగ అతికింది.
ఒకనాడు ఏం లేదు, క్యానుకు ఆరు రూపాయలు చేస్తరట నిజమేనా అని.
కాలువ నీళ్లు ఎంత తియ్యగుంటయో
చెప్తె నమ్మవు అని ఒకనాడు.
పిల్లను, కుట్టుమిషను తలకాయను, రెండు ఆధార్ కార్డులను పట్టుకొని
మల్లేపల్లిల బస్సు మారేటప్పుడు
ఎనుకకు చూడలేదన్నది
చానా దినాలకు చెప్పినవు.
మెడ తిరుగుతది నాకు, అయినా చూడలె అన్నవు.

నువ్వు లేనప్పుడే ఈడికీ కృష్ణ వచ్చింది పైపుల,
వారానికి రెండుసార్లు.
మిగిలిన దినాలకు నేను.

"ఇంటిదాంక నేను మోసుకొస్త" అన్న.
"వద్దు, నేనే మోస్త."
"పైసలొద్దు."
"తీసుకో. తీసుకోకపోతె రేపు రాను."
తీసుకున్న.
బిళ్ల నీ అరచేతి చెమటతోని తడిగున్నది.

నిన్న నీ బిడ్డ వచ్చింది వెంబడి.
పైపు మీది కోతిని చూసి
చెయ్యి అడ్డం పెట్టకుంట నవ్వింది,
పాలపిండి లెక్క పళ్లు.
అంతమటుకు మీ నాయన లెక్క తప్పలె.
నువ్వు పిల్ల దిక్కు చూసినవు,
నేను మోటరు దిక్కు చూసిన.

ఇంకో క్యానుది మూత తీసి నీ క్యానుకు పెట్టిన.
సరిగ కూసోలె, కొంచెం వదులు.
నువ్వేం అనలె.

రేపు ఆదివారం, ప్లాంటు బందు.
వస్తనన్నవు.
క్యాను లేకుంట.