పద్నాలుగో నంబరు

సామాను అక్కడ పెట్టొద్దు, జారిపోతుంది.
ఈ ఇంట్లో నేల ఈశాన్యానికి వాలి ఉంది.
మెక్సికో సిటీ కింద పూర్వం సరస్సు ఉండేది,
ఊరంతా దాని మీద బోర్లించిన మూత.
ఏటా ఇంత కుంగుతాం.
నమ్మకపోతే ఇదిగో గోళీ,
గుమ్మం దగ్గర వదలండి.
మీరు నా పేరు అడిగేలోపు
బీరువా కిందికి చేరిపోతుంది.
యులాలియా అంటారు నన్ను.

ఎక్కడ దిగాలని ఎవరడిగినా
నా ఇల్లే చెబుతాను, వ్యాపారం కదా.
అయినా వీధివైపు గది మాత్రం తీసుకోకండి.
పొద్దున్నే పాత సామాన్ల బండి వస్తుంది,
మైకులో ఓ చిన్నపిల్ల గొంతు
పరుపులు కొంటాం, పొయ్యిలు కొంటామని
సాగదీస్తూ పోతుంది.
ఏళ్ల కిందటి రికార్డు అది,
ఆ పిల్లకి ఈపాటికి పిల్లలు పుట్టుంటారు.
రాత్రయితే చిలగడదుంపల బండి ఈల,
రైలేదో దారితప్పి సందులో దూరి
ఏడుస్తున్నట్టు.
మొదటి రాత్రి ఎవరైనా ఉలిక్కిపడి లేస్తారు.
మూడో రాత్రి
దానికోసం మేలుకుని ఉంటారు.

చూడాల్సినవా?
పెద్ద చర్చికి వెళ్లండి. బంగారం సరే,
పైకప్పు నుంచి వేలాడే గుండు చూడండి,
తాపీమేస్త్రీల తూకం గుండులాంటిది.
దేవుడి ఇల్లు కూడా ఎంత ఒరిగిందో
కింద గుర్తులు పెట్టారు.
నాకైతే అక్కడ మోకరిల్లడం కన్నా
ఆ గుర్తులు చూస్తేనే ధైర్యం.

ఆదివారం మా పార్కులో
ఇనుప మండపం దగ్గర ముసలి జంటలు నాట్యం చేస్తారు.
ఆ బాణీలో ఓ చోట అడుగులు ఆగిపోతాయి,
వాద్యం నడుస్తూనే ఉంటుంది,
ఆడవాళ్లు నిలబడి విసనకర్రలు విప్పుతారు.
అందరూ ఆట చూస్తారు,
మీరు ఆ ఆగడం చూడండి.

పిరమిడ్లకి వెళ్తే టోపీ మరిచిపోకండి.
వాటి గురించి నాకంటే మీ పుస్తకానికే ఎక్కువ తెలుసు.

కిందటి అక్టోబరులో ఒకాయన దిగాడు,
మెరిదా నుంచి, పేరు బెనిగ్నో ఉక్.
మ్యాపు అడగలేదు, టిఫిన్ ఎన్నింటికనీ అడగలేదు.
జేబురుమాలు మూట విప్పి
తాళంచెవి ఒకటి బల్ల మీద పెట్టాడు.
ఇత్తడి బిళ్ల మీద పద్నాలుగు. అంపారో హోటల్.
"ఎనభై ఐదు సెప్టెంబరులో
గది ఖాళీ చేస్తూ జేబులో వేసుకుపోయాను.
పోస్టులో పంపుదామనుకున్నాను.
రెండు రోజులకే కదా..."

అది ఇప్పుడు కార్లు ఆపే జాగా అన్నాను.
తెలుసన్నాడు. కానీ వస్తువు వాళ్లది కదమ్మా అన్నాడు.

మెట్రోలో వెళ్లాం, నేనూ ఆయనా
మా ఇంటి మరమ్మతుల రెఫుహియో.
గేటు దగ్గర కుర్రాడు,
భూకంపం తర్వాతెప్పుడో పుట్టినవాడు,
హోటలా, ఇక్కడా అని నవ్వబోయి
ముసలాయన చేతిని చూసి ఆగాడు.
వెనక్కి తిరిగి
నేలమీది తెల్ల అంకెలు లెక్కపెట్టుకుని
"పద్నాలుగు ఖాళీగానే ఉంది సార్,
ఎంతసేపు?" అన్నాడు.

గంట అన్నాడు ఆయన.
చీటీ చింపి ఇచ్చాడు, డబ్బు తీసుకున్నాడు,
చిల్లర కూడా లెక్కగా ఇచ్చాడు.
తెల్లగీతల మధ్య
టోపీ చేతిలో పట్టుకుని నిలబడ్డాడు బెనిగ్నో.
ఒక నీలం కారు వచ్చి హారన్ కొట్టింది.
కుర్రాడు అడ్డంగా వెళ్లి
"నిండింది, వేరే చోట పెట్టండి" అన్నాడు.

తాళంచెవి వాడు తీసుకోలేదు,
ఎక్కడ పెట్టాలో తెలియదన్నాడు.
అందుకే అది ఇక్కడుంది, పైవరసలో,
రెఫుహియో కొట్టిన వంకర మేకుకి.
నాకున్నవి తొమ్మిది గదులే.

మీకు ఆరో నంబరు.
మంచం కోడు కింద అట్టముక్క ఉంది, తియ్యకండి.
వేడినీళ్లు రావాలంటే కాస్త ఓపిక పట్టాలి.
రాత్రి సైరన్ మోగితే చెప్పులు వెతుక్కోవద్దు,
మెట్లు ఎడమచేతి వైపు,
వీధి మధ్యకి వచ్చెయ్యండి.
తాళంచెవి తర్వాత ఇద్దురు గాని.