రెక్క కొయ్యని చేప

పన్నెండు వందల నలభై.
నేనే లెక్కబెట్టినా, ఒక్కొక్కటీ.
చిటికెన వేలంత పిల్ల.
అరచేతి తడిలో
వడ్లగింజంత గుండె టపటపా కొట్టుకుంటాంటే
ఎడమ పొట్టరెక్క కొస
చిన్న కత్తెరతో ఒకింత కొయ్యాల.
అది గుర్తు.
ఇది మేము వదిలిందని
ఏటి మీద మేము పెట్టే సంతకం.

షమీమ్ మేడం కాగితంలో దాని పేరు
నోరు తిరగని రెండు మాటలు.
పుట్టి నడిపే ఉరుకుందు తాత
సంచిలోకి తొంగిచూసి
"ఓర్నీ, రాగిరెక్క!" అన్యాడు,
తప్పిపోయిన మేకను సంతలో గుర్తుపట్టినోని మాదిరి.
"మా నాయన కాలాన సూసింటి.
వరదకు ఎదురెక్కేది, మొండిది.
ఇసుక పాయె, దాని ఎనకాలే ఇదీ పాయె."

సుంకేసుల కింద మడుగులో
మూతి విప్పకుండా సంచుల్ని తేలేసినాం.
లోపలి నీళ్లు
బయటి నీళ్ల చలువ నేర్చుకునేదాకా
ఇరవై నిమిషాలు.
తాత బీడీ కూడా ముట్టియ్యలేదు.

మూతి విప్పితే, పోవే!
సిమెంటు తొట్లో పెరిగినవి,
సంచి ఆకారంలోనే గుంపుగా నిలబడినాయి
గోడ లేదంటే నమ్మక.

ఆ తర్వాత నెలకోసారి వల.
చిలాపీలు పడతాయి, పిలవని పేరంటాలు,
గంపకు గంప.
మావి పడవు.
రిజిస్టర్లో సున్నా గుండ్రంగా చుట్టడం
బాగా వచ్చింది నాకు.
జనవరిలో రెండు.
మార్చిలో ఒకటి, సగం కొంగ తిన్నది.
మేడం దాన్నీ కొలిచింది, మిగిలినంత.
"ఒకటి బతికేకి ఎన్ని చావాల మేడం?"
"అది తెలుసుకునేకే గదప్పా మనకు జీతం."

ఎండల్లో ఏరు గుంటలు గుంటలుగా తెగిపాయె.
గుంటకూ గుంటకూ నడుమ
లారీ చక్రాల జాడలు.

రెండో ఏడు, మృగశిర కార్తె.
కొత్తనీళ్లు ఎర్రగా దిగిన మూడోనాడు
వలలో ఒకటి.
రెండు జానల పొడుగు. పొలుసుల మీద
తోమిన ఇత్తడి మెరుపు.
తిప్పి చూసినా.
ఎడమ ఇదేనా అని నా చేతినే అడిగినా.
రెండు రెక్కలూ నిండుగా ఉండాయి.

కొయ్యలేదు. దీన్ని మేము కొయ్యలేదు.

మావి ఇంత పెరిగేకి ఏండ్లు పడతాది.
అంటే మేము రాకముందు నుంచే
ఏ బండ సందునో, ఏ లోతునో
ఇది ఉండాది.
రిజిస్టర్లో రెండే గళ్లు:
దొరికినవి, దొరకనివి.
నడిమి గీత మీద
మేడం పెన్ను నిలబడిపాయె.

తాతే తేల్చేసినాడు:
"ఖాళీ ఇల్లని సామాను దింపితిమి.
ఇంటాయమ్మ లోపలే ఉండె."

కత్తెర జేబులోనే ఉండాది. తియ్యలేదు.
చెయ్యి నీళ్లలోకి దించితే
వెంటనే పోలేదు అది.
పారే నీళ్లకు ఎదురుగా మొగం తిప్పుకోని
నా వేళ్ల సందున
ఒక్క గుటకంత సేపు ఆగి,
పైకి పాయె.

ఆ నెల లెక్క ఇంకా రాయలేదు.