పడిగాపుల పట్టిక

లెక్క మొదలుపెట్టిన రోజు
జెనోవా రేవు బయట
పదకొండు ఓడలు లంగరు దించి ఉన్నాయి.
నా పట్టికలో పదకొండు వరసలు.

దాటొచ్చిన సముద్రమంతా
ఎవరో తరుముతున్నట్టు వచ్చాయవి.
ఒప్పంద పత్రం అలాగే ఉంటుంది మరి,
వీలైనంత త్వరగా చేరాలని.
చేరాక ఏం చెయ్యాలో అందులో ఉండదు.
ఇంకా తెరవని దుకాణం ముందు
చేతిసంచితో నిలబడ్డ మనుషుల్లా
ఒకటి రెండు రోజులు, ఒక్కోసారి తొమ్మిది,
ఇంజన్లు గురక పెడుతుండగా
పడిగాపులు.

వేగం రెండింతలు చేస్తే
గంటకు కాలే నూనె ఎనిమిదింతలు.
ఇది నేను కనిపెట్టింది కాదు,
ఓడ ఇంజనీర్లకు తాతలనాటి లెక్క.
నేనడిగిందల్లా
చోటు లేని రేవుకి
అంత తొందరగా ఎందుకు రావడం, అని.
ఈ ఒక్క ప్రశ్నకి
నాకు నాలుగేళ్లు జీతమిచ్చారు.

ఉపగ్రహం చెప్పిన గంటలు,
రేవు కార్యాలయం ఇచ్చిన రసీదులు
పక్కపక్కన పేర్చినా నడుమ చిల్లులు.
పద్నాలుగు నెలలు ఎవరి దగ్గరా లేవు.
"ఆ ఏడు గదిలోకి నీళ్లొచ్చాయి"
అన్నాడు దస్తావేజులు చూసే ఉగెత్తో,
నీళ్లకి తానే దారి చూపించినంత సిగ్గుగా.

చిల్లులు పూడ్చింది
సాంపియెర్‌దరేనాలో నేనద్దెకున్న ఇంటావిడ,
మూడో అంతస్తు ఒందీనా.
రేవు వైపు కిటికీ, కిటికీ బయట దండెం,
గట్టు మీద దారంతో కట్టిన పెన్సిలు.
ఇరవై రెండేళ్లుగా ప్రతి పొద్దునా
ఓడ పేరు, పొగ రంగు, గాలి వాటం,
పక్కన ఒక్క మాట:
ఆరెయ్యొచ్చు.
లేదా, వద్దు.

నైరుతి నుంచి లిబెచ్చో వీచిన రోజుల్లో
అన్నీ వద్దులే.
ఒకచోట మాత్రం కాగితం చిరిగేలా నొక్కి:
తెల్ల దుప్పట్లు నాలుగు, మళ్లీ ఉతికాను.
సబ్బు ఎవరిస్తారు?

నా శాస్త్రంలో దానికో పేరుంది.
బేరంలో లేనివాళ్ల నెత్తిన పడే ఖర్చు.
దాన్ని కొలవడానికి నాకు
మూడు అధ్యాయాలు పట్టాయి.
ఆవిడ సబ్బుబిళ్లతో కొలిచేసింది.

సిద్ధాంతం సమర్థించుకునే రోజున
త్రియెస్తె నుంచి వచ్చిన పెద్దాయన
కళ్లజోడు తీసి అడిగాడు:
"నలభై ఏడో ఆధారం.
ఒందీనా పరోది, కిటికీ గట్టు, ముద్రణ కాలేదు.
ఏమిటిది?"
నేను పుస్తకం తీసి బల్ల మీద పెట్టాను.
రెండు పేజీలు తిప్పాడు.
మూడోది తిప్పబోయి
తన వేలు చూసుకున్నాడు.
మసి.
ఇంకేం అడగలేదు.

ఈ మార్చిలో
రేవు గట్టున కరెంటు పెట్టెలు నిలబెట్టారు.
తొడ లావు తీగ ఒకటి ఓడ కడుపులోకి వెళ్లింది,
ఓడ ఇంజన్లు ఆపేసింది.
ఆ రాత్రి మూడింటికి ఒందీనా
నా తలుపు బాదింది:
"ఓర్సోలా, లే.
ఓడకేదో అయింది. ఊపిరాడట్లేదు దానికి."

ఇద్దరం కిటికీ దగ్గర నిలబడ్డాం.
దీపాలన్నీ వెలుగుతున్నాయి,
చప్పుడు మాత్రం లేదు.
డెక్కు మీద ఎవరో దగ్గారు.
అంత దూరపు దగ్గు
మా గదిలోకి వినిపించింది.
ఒందీనా శాలువా మెడకి బిగించుకుంది,
ఆ దగ్గినవాడికి చలేస్తుందన్నట్టు.

ఆ కరెంటులో కొంత
గ్యాసు మండిస్తేనే వస్తుందని నాకు తెలుసు.
అక్కడా ఒక కిటికీ ఉంటుంది,
ఎవరిదో దండెం ఉంటుంది.
రేవు బయట ఆగినవి
ఇంకా పొగ వదులుతూనే ఉన్నాయి, తీగ అంతదాకా పోదు.
ఇవేవీ ఆ వేళ చెప్పబుద్ధి కాలేదు.

పొద్దున్నే పుస్తకం తెరిచింది.
ఓడ పేరు.
పొగ: లేదు.
గాలి: లిబెచ్చో.
పెన్సిలు కాసేపు గాల్లో ఆగింది.
తర్వాత రాసింది, ఆరెయ్యొచ్చు.

రాసి,
బుట్టలో తెల్లవన్నీ పక్కకి నెట్టి
ముందు నల్ల మేజోళ్లు ఆరేసింది.