తోడు

ఆస్పత్రి స్టెరిలైజేషన్ గదిలో ఇరవై రెండేళ్లు.
కత్తెరలు, పట్టుకార్లు, ఎముకలు కోసే రంపాలు
నా చేతుల మీదుగానే ఆవిరిలోకి వెళతాయి,
నూట ముప్పై నాలుగు డిగ్రీలు,
ఒక్క ప్రాణీ మిగలకుండా బయటికొస్తాయి.
మిగిలిందా, తప్పు నాది.

కాబట్టి మార్చిలో ఒక ఆదివారం
అక్వేరియం ఫిల్టర్ మూత తీసి
లోపల పేరుకున్న గోధుమరంగు బురద చూసినప్పుడు
నేనేం చేసి ఉంటానో వేరే చెప్పాలా?
వంటింటి కుళాయి. వేణ్ణీళ్లు.
స్పాంజీని పిండాను, ఉతికాను, మళ్లీ పిండాను,
కొన్ననాటి నీలం బయటపడేదాకా.
సిరామిక్ రింగుల్ని ఒక్కొక్కటే
పళ్లు తోమినట్టు తోమాను.
సాయంత్రానికి తొట్టెలో నీళ్లు అద్దం.
నా మడి నాకు దక్కిందని
హాయిగా నిద్రపోయాను.

బుధవారం, చేపలు పైకొచ్చి నోళ్లు తెరిచాయి.
గురువారం మూడు.
శుక్రవారం డ్యూటీకి వెళ్లేముందు ఇంకో నాలుగు.
ఎర్రచారల టెట్రాలు. టీ చెంచాతో తీశాను,
అద్దంలాంటి ఆ నీళ్లలోంచే.
పరీక్షగొట్టంలో మందు చుక్కలు వేస్తే
పసుపుగా ఉండాల్సింది పచ్చి ఆకుపచ్చగా తిరిగింది.
మురికి ఎక్కడికీ పోలేదు,
తినేవాళ్లు పోయారంతే.

ఒతకర్ గారిది మూడో అంతస్తు.
ఒస్త్రావా గనులు మూసేదాకా కిందే పనిచేశారు,
ఇప్పుడు రెండు మెట్లెక్కితే ఒకసారి ఆగుతారు.
ఆగినచోటే నన్ను చూసి, "ఎన్ని?" అన్నారు.
"ఏడు."
"కుళాయి కింద కడిగావా?"
నేను జవాబు చెప్పలేదు.
"పైన ఫ్యాను ఆపేస్తే కిందున్నవాళ్లం ఎంతసేపు, రద్మిలా?
నీ స్పాంజీలో ఉన్నదీ కింది షిఫ్టే.
మసి కొట్టుకునుంటారు, ఎవరికీ కనబడరు."

రాత్రి తలుపు తట్టారు.
ఐస్‌క్రీం డబ్బాలో, తడి ఆరకుండా,
తన ఫిల్టర్ స్పాంజీ, కత్తిరించిన సగం.
బొగ్గు కడిగిన నీళ్లలా కారుతోంది.
చేతితొడుగులు వేసుకునే అందుకున్నాను.
ఆయన చూశారు, ఏమీ అనలేదు.
గోరువెచ్చటి పాలకి పక్కింటి తోడు వేసినట్టు
ఆ మురికిని నా శుభ్రంలో వేసి
మోటారు పెట్టాను.
అడుగున తిరిగే మీసాల చేపలు ఐదూ బతికాయి.

ఇప్పుడు నా పద్ధతి ఇది.
తొట్టెలోంచే ఒక బకెట్ నీళ్లు తోడుకుంటాను.
స్పాంజీని అందులోనే రెండుసార్లు నొక్కుతాను,
మూడోసారి చెయ్యి వెళ్లబోతుంది, ఆపుతాను.
రింగులు ఈ నెల సగం, వచ్చే నెల సగం,
ఊరికే అటూ ఇటూ కదిపి వదిలేస్తాను.
సన్నటి దూది మాత్రం పారేసి కొత్తది పెడతాను,
అక్కడన్నా నా బుద్ధి పోనిచ్చుకుంటాను.
పంపు రెక్కకి పట్టిన జిగురు చెవిపుల్లతో.
మూత రబ్బరుకి కాస్త వాజలిన్.
పావుగంటలోపు ప్లగ్ పెట్టేయాలి,
లోపల ఊపిరాడదు.
బకెట్‌లో నల్లనీళ్లు బాల్కనీ టమాటాలకి.
సోమవారం మళ్లీ ఆవిరి గది,
మీట నొక్కుతుంటే ఒక్క క్షణం
ఎవరినో పిలిచి హెచ్చరించాలనిపిస్తుంది.

నవంబరులో ఒతకర్ గారు
ఊపిరితిత్తుల వైద్యానికి మూడు వారాలు వెళ్లారు.
ఇల్లు చూడ్డానికొచ్చిన మేనల్లుడు జ్బినెక్
చప్పుడుకి నిద్ర పట్టక ఫిల్టర్ ప్లగ్ పీకాడట,
మళ్లీ పెట్టడం మర్చిపోయాడట, నాలుగు రోజులు.
తెరిస్తే కుళ్లిన గుడ్ల కంపు.
ఆయన నా దగ్గరికి రాలేదు.
మెట్ల మీద మాత్రం మామూలుకంటే ఎక్కువసేపు ఆగారు.

కత్తెర తీసుకున్నాను.
నా స్పాంజీ సగం, బురదతో సహా,
ఉత్తచేతులతో డబ్బాలో పెట్టి తీసుకెళ్లాను.
"ఇది నాదే కదా" అన్నారు.
"మీదెక్కడిది, ఎనిమిది నెలలు మేపాను" అన్నాను.
కిందికొచ్చాక మళ్లీ ఎక్కి తలుపు తట్టి
డబ్బా తిరిగిచ్చేయమని అడిగాను.

డబ్బా ఆయనదేనని
ఇంటికొచ్చాక గుర్తొచ్చింది.