కేటగిరీ రెండు

ఏరియా లేచిందంటారు గదా,
అది ముందు నాకే తెలిసేది.
ప్లాట్లు అమ్మేవాళ్లకి గూడా తర్వాతే.

నెలకోసారి మినీ బైపాస్ వెనక సందుల్లో
బిల్లు మిషను మెడకి తగిలించుకోని తిరుగుతా.
పెంచలమ్మ ఇంట్లో ముప్పై ఎనిమిది యూనిట్లు,
పదకొండేళ్లు అట్నే ఉండె.
ఎండాకాలం నలభై ఒకటి.

ఒక నెల నూటపది.
ఎవరో పిలకాయలు ముందుగది బాడిగకి తీసుకోని
గోడ గీకి ఇటికెలు బయటపెట్టినారు.
కట్టిన మేస్త్రి చూస్తే ఏడుస్తాడు.

ఆపైన మీటరు మార్చినారు. త్రీ ఫేజు.
కేటగిరీ రెండు. అంటే అది ఇంక ఇల్లు కాదు.
తాళ్లకి వేలాడే బల్బులు డెబ్బై రెండు,
ఒక్కటీ వెలుతురియ్యదు.
చీకటి కోసం ఇంత కరెంటు కాల్చేది
నా సర్వీసులో చూళ్లా.

కారందోశ నల్లరాయి పలక మీద పెట్టి నూట ఎనభై.
ఇస్త్రీ చెంచురత్నం బండికి ఇంగ్లీషు బోర్డు రాయించుకున్నాడు,
స్పెల్లింగ్ నేనే చెప్పినా, తప్పో ఒప్పో.
జిలానీ పంక్చర్ షాపు టైర్లు రంగేసుకోని
కేఫ్‌లో కుర్చీలైనాయి.
జిలానీ యాడ కూచుంటన్నాడో తెలీదు.

పెంచలమ్మ తొందరపడి అమ్మేసి
కొత్తూరు అవతల బాడిగకుంది.
బిల్లు మాత్రం ఇంకా ఆమె పేరు మీదే.
పద్నాలుగు వేల ఆరొందలు.
కౌంటర్లో పిల్ల చదివి
"ఈవిడెవరు సార్?" అనింది.

కాగితం చించి ఇస్తా
మీటరు పక్కన గోడ చూపించినా.
గీకడం మరిచిపోయిన జానెడు సున్నం మీద
పాలలెక్క, బొగ్గు గీతలు,
పంతొమ్మిది.