పదకొండో డబ్బా

మెహబూబ్ చౌక్‌లో పిట్టల బోనుల వెనక
ముస్తఫీజ్ భాయ్ పాలిథిన్ సంచిని ఎండకెత్తి చూపించాడు.
"ఖాలిస్ నస్ల్ అమ్మా, ఏడు పుష్తుల నుంచీ మాస్కో బ్లూ."
సంచిలో సిరా ఒలికినంత నీలం.
మూడొందల యాభై.
వారాసిగూడ దాకా బస్సులో
కుదుపు కుదుపుకీ ముడి పట్టుకొని కూర్చున్నాను.

పగలు నా పని బ్లడ్ బ్యాంకులో.
ఒకరి రక్తం చుక్క, ఇంకొకరి రక్తం చుక్క
పలక మీద కలిపి, వంచి వంచి చూడడం.
గడ్డ కడితే కాదు. కట్టకపోతే సరే.

రాత్రి, డాబా మీద పదిహేను డబ్బాలు:
మెడలు కోసిన నీళ్ళ క్యాన్లు,
మామిడిపళ్ళ థర్మకోల్ పెట్టెలు,
పగిలితే ఎం-సీల్ పూసిన అద్దాల తొట్టి.
నల్లా రోజు విడిచి రోజు వస్తుంది.
పట్టిన నీళ్ళని ఒక పగలంతా మూత తీసి ఉంచాలి,
క్లోరిన్ వాసన ఆకాశంలోకి పోయేదాకా.

నాకు కావలసింది ఒక్కటే:
నీలం ఒంటి మీద పసుపు కోబ్రా గీతలు.
అట్లాంటి గప్పీ ఉందో లేదో తెలియదు,
కళ్ళు మూస్తే మాత్రం ఈదేది.

కోబ్రా మగది, నీలం ఆడది.
నోటుబుక్కులో గళ్ళు కొట్టాను:
తేదీ, డబ్బా, నీళ్ళ వేడి, తల్లి, తండ్రి.
ఇరవై తొమ్మిదో రాత్రి
ఆవగింజలకి కళ్ళు మొలిచినట్టు పిల్లలు.
నేను జాలి అందుకునేలోపే
తల్లి వెనక్కి తిరిగి రెండింటిని మింగింది.
కింది వాటా కెజియా టార్చి పట్టుకొని లెక్కపెట్టింది.
"ఆంటీ, నలభై ఒకటి. కదలకుండా ఉంటే ఇంకా కరెక్టుగా చెప్తా."

నెలన్నరకి రంగు తేలింది.
బూడిద.
బట్టలుతికిన నీళ్ళ బూడిద,
అక్కడక్కడ ఒక నారింజ చుక్క, పొట్టి తోకలు.
దోమపిల్లల్ని తినమని
మున్సిపాలిటీ వాళ్ళు బకెట్లతో మోరీల్లో వదిలేవి
అచ్చం ఇవే.

నోటుబుక్కు తీసుకొని చౌక్‌కి పోయాను.
పిట్టలకి కొర్రలు పోస్తూ నవ్వాడాయన.
"కడుపులో పాత మగది ఉండుంటది అమ్మా.
ఒక్కసారి కలిస్తే నెలల తరబడి దాచుకుంటది.
నువ్వు చేసిన పెళ్ళి అది ఒప్పుకోలే."
"మరి ఏడు పుష్తులు?"
"నా దగ్గరికొచ్చింది మొన్న బక్రీదుకే."

వాటా అద్దెకి అడిగిన రోజు
ఇంటి ఓనరమ్మ కరెంటు మీటరు చూపించింది,
సంపు మూత ఎత్తి చూపించింది,
చెప్పులు తొడుక్కుంటుంటే అడిగింది,
"ఇంతకీ మీరేమిట్లు?"
అమ్మ వైపా, నాన్న వైపా అన్నాను.
ఆమెకి ఒక్క మాట చాలు.
నా దగ్గర ఒక్క మాట లేదు.
అద్దె అయిదొందలు పెరిగింది.

పదకొండో డబ్బాని పారబోద్దామనే అనుకున్నాను.
మెట్ల కిందే మోరీ.
ఇవాళ, రేపు అంటుండగా ఏప్రిల్ వచ్చింది,
ట్రాన్స్‌ఫార్మర్ పేలి తొమ్మిది గంటలు కరెంటు పోయింది.
డ్యూటీ దిగి వచ్చేసరికి
గాలి పంపులు ఆగిపోయి
నీలాలన్నీ పొట్టలు పైకి తేలి ఉన్నాయి.
నీలం అన్నది ఏదీ మిగల్లేదు వాటి మీద.
బూడిదవీ చచ్చాయి, పదిహేను.
మిగతావి నీటి పైపొరకి మూతులానించి
గుటక గుటకగా గాలి తాగుతున్నాయి,
వాటిలో వెన్ను వంకరది కూడా ఒకటి.
కెజియా ఏడ్చి, ముక్కు తుడుచుకొని
మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టింది.

కోబ్రా మగది ఒక్కటే మిగిలింది.
దాన్ని తీసి పదకొండులో వేశాను.
ఆడవాటిని ముందే వేరు చేయలేదని
వేశాక గుర్తొచ్చింది.

జూన్ మొదటి వాన వెలిసిన రాత్రి
కొత్త పిల్లల్లో ఒకదాని తోక మొదట్లో
నీలం లాంటిది కనబడింది.
టార్చి పక్కకి తిప్పితే లేదు.
ఇటు తిప్పితే ఉంది.

నోటుబుక్కు తెరిచి
తండ్రి అన్న గడిలో
పెన్సిల్‌తో రాశాను: ఎవరో.

రేపు నల్లా వచ్చే రోజు.
క్యాన్లు కడగాలి.