వెనక చక్రం గీత

శ్రీసిటీ ఫ్యాక్టరీలో పనిచేసే జపానాయన
ఒక ఆదివారం పాకాల దాకా తొక్కుకొచ్చి
నా అంగడి ముందర దిగినాడు.
వెనక చక్రంలో రెండు పుల్లలు విరిగుండాయి.
ఇద్దరికీ కలిసే భాష లేదు. నేను రెండు వేళ్లెత్తినాను.
రెండు గంటలనుకున్నాడో, రెండు వందలనుకున్నాడో,
టీ తాగి, దుడ్డిచ్చి,
సంచీలోంచి బొమ్మల పుస్తకమొకటి తీసి
గాలిపంపు పక్కన పెట్టి పోయినాడు.

పన్నెండు బొమ్మలు. అన్నింట్లో సైకిలు మీద ఒకే మనిషి,
వీపు మాత్రమే. మొగం ఎక్కడా గీయలేదు.

నేను బొమ్మలు చూసేవాణ్ణి కాను, బ్రేకులు చూసేవాణ్ణి.
ముందు తప్పులే ఎతికినాను.
మూడోదాంట్లో లేతరంగు పూల కింద పోతాండాడు,
బ్రేకు వైరు మర్చిపోయినారు.
ఆరోదాంట్లో వాన, వరిమళ్లు, నీలం కోటు.
మడ్‌గార్డు లేని బండికి
వీపు మీద బురద చార ఏదీ?
"తడవనోడు గీసిన వాన" అన్నాను.
టీకొట్టు చెంగల్రాయుడు ఎర్రాకుల బొమ్మ దగ్గర ఆగిపోయినాడు.
"మన మామిడికి పుట్టే ఆకు ఎరుపు,
వాళ్లకు రాలే ఆకు ఎరుపు, చూడబ్బా" అని
గ్లాసులు కడగను పోయినాడు.

పన్నెండోది మంచు.
రంగెయ్యలేదు, కాగితాన్ని అట్లే వదిలేసినారు.
దాని మీద సన్నంగా టైరు గీత,
మలుపు కాడ రెండుగా చీలి:
ముందు చక్రం వెడల్పుగా తిరిగింది,
వెనకది లోపలగా కోసుకుని పోయింది,
కొంచెం దూరం పోయినాక రెండూ ఒకటైనాయి.
ఇది కూర్చోని ఊహించేది కాదు.
తొక్కి, ఆగి, దిగి,
వెనక్కి చూసినోడికే తెలిసేది.
ఆరో బొమ్మ తప్పు మాఫీ చేసేసినాను.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు.
ముప్పై ఎనిమిదేండ్లలో నా చేతిలో తిరిగిన చక్రాలన్నీ
స్టాండు మీద, గాల్లో తిరిగినవే.
నా దూరప్రయాణం ఒకటే:
చంద్రగిరి దాకా తొక్కి, పడి, చెయ్యి విరిగి
అక్కణ్ణించి బస్సులో పుత్తూరు కట్టుకు.

కార్తీకంలో తుపాను పట్టింది.
మూడు దినాలు ఒక్క పంక్చరూ రాలేదు.
నాలుగోనాడు తెల్లారకనే
గుర్రప్ప సారు ఇచ్చి మరిచిపోయిన సైకిలు బయటికి తీసి
చైనుకు నూనేసి
దామలచెరువు దాటి కల్లూరు దోవ పట్టినాను.
తోపులు నల్లగా నాని ఉండాయి.
పూత కాలం కాదు, చిగురు కాలం కాదు,
ఎవురూ బొమ్మ గీయని కాలం.
వీపు మీద బురద చార సల్లగా ఎక్కతా ఉంది.
మోకాళ్లు తిట్టినాయి.
బస్సు కిటికీలోంచి ఎవురి బిడ్డో చెయ్యూపింది.
ఆ బిడ్డకు కనబడింది నా వీపే.

ఎర్రమట్టి దోవకు మళ్లినాను.
ఆగినాను. దిగినాను.
తిరిగి చూసేదానికి ఎందుకో
కాసేపు ధైర్యం చాల్లేదు.

ముందుదొక గీత. లోపలగా వెనకది.
వెనకది అక్కడక్కడా వణికింది.

రిమ్ము వంకర.
ఇంటికి పోయినాక సరిచెయ్యాల.